నా లాగిన్‌లో ముగ్గురు మనుషులు

"సార్, మీ లాగిన్ల ముగ్గురు మనుషులున్నరు. మీరు లేరు."

ఆ మాట అన్న అమ్మాయి ఎం.టెక్. రెండో సంవత్సరం చదువుతోంది. నేను కోదాడ శివార్లలో ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ విభాగానికి అధిపతిని. ఏప్రిల్ నెల, బుధవారం, మధ్యాహ్న భోజనాలయ్యాక నా గదిలో జరిగిన సంగతి ఇది. నా చేతిలో టీ కప్పు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టానో, పట్టుకునే ఉన్నానో ఇప్పుడు గుర్తు లేదు. ఆమె ఆ మాటను తప్పు పట్టినట్టు అనలేదు. బస్సు వెళ్లిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆమె ప్రాజెక్టు ఏమిటో ముందు చెప్పాలి. మనిషికి నడక ఉన్నట్టే టైపు చేసే చేతికీ ఒక నడక ఉంటుంది. ఒక అక్షరం కొట్టాక ఇంకో అక్షరం కొట్టేలోపు చెయ్యి ఎంతసేపు ఆగుతుందన్నది ఒక్కొక్కరికి ఒక్కో తీరు. పాస్‌వర్డ్ దొంగిలించినవాడు లోపలికి రాగలడు కానీ, అసలు మనిషి చెయ్యి నడిచినట్టు వాడి చెయ్యి నడవదు. ఆ తేడాను కంప్యూటరే పసిగట్టేలా చేయవచ్చా అన్నది ఆమె ప్రశ్న. అందుకోసం మా విభాగం ఆఫీసులోని నాలుగు కంప్యూటర్లలో చిన్న ప్రోగ్రాం పెట్టింది. ఎవరు ఏ అక్షరం కొట్టారో అది రాసుకోదు, అక్షరాల మధ్య వ్యవధిని మాత్రమే రాసుకుంటుంది. మూడు నెలలు నడిపింది. ముందుగా అందరి దగ్గరా అంగీకార పత్రం మీద సంతకాలు తీసుకుంది. నేనూ పెట్టాను, సెలవు చీటీల కట్టతో పాటు, చదవకుండా.

ఆమె నా ముందు పరిచిన కాగితం మీద ఒక్కో లాగిన్‌కు ఒక్కో రంగు చుక్కలున్నాయి. మిగతావారి చుక్కలన్నీ ఎక్కడివక్కడ ఒకే గుంపుగా ఉన్నాయి. నా రంగు మాత్రం మూడు గుంపులై మూడు మూలల్లో ఉంది.

ఇందులో నాది ఏదని అడిగాను.

"ఏదీ కాదు సార్. ఈ మూడు నెలల మీరు కీబోర్డు ఒక్కపారి గూడ ముట్టలే."

నిజమే. నేను దాన్ని ముట్టుకుని చాలా ఏళ్లయింది.

అది ఎలా సాధ్యమని అడిగేవాళ్లకు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. తుంగతుర్తి వైపు మాకొక గడి, కోటలాంటి దొరల మేడ, ఉండేది. మా తాతగారు తన చేత్తో సంతకం కూడా పెట్టేవారు కాదు. ఆయన చెబితే ఒకరు రాసేవారు, ఇంకొకరు ముద్ర వేసేవారు. చేత్తో రాయడం గుమాస్తా పని అని మా ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ ఎవరూ చెప్పకుండానే తెలుసు. భూములు పోయాయి, గడి పోయింది, నా కాలానికి మిగిలింది వెన్నెముక ఒక్కటే. కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చోవడం మా నాన్నగారు నేర్పారు. నేను సూర్యాపేటలో కిరాయి ఇంట్లో, మేడ మీది వాటాలో ఉంటాను. రోజూ కోదాడ బస్సులో ఈనాటికీ సీటుకు ఆనుకోను. ఇందులో గొప్ప లేదని తెలుసు. మానుకోలేను.

చదువులో నేను ఎవరికీ తీసిపోలేదు. ఇరవై ఏళ్లకు పైగా చేతిలో సుద్దముక్క తప్ప ఏ కాగితమూ లేకుండా పాఠం చెప్పాను. కానీ కంప్యూటర్ ముందు కూర్చుని అటెండెన్సు ఎక్కించడం, మెయిళ్లకు జవాబులు కొట్టడం నా పని అనిపించలేదు. గుమ్మంలో నిలబడి చెప్పేవాణ్ణి, ల్యాబ్ అసిస్టెంట్ కొట్టేది. నా పాస్‌వర్డ్ మా తాతగారి గుర్రం పేరు. దాన్ని వరండాలోంచే చెప్పేవాణ్ణి. తర్వాత తర్వాత పేరు చెప్పడం కూడా మానేసి, "గుర్రం పేరు కొట్టమ్మా" అంటే సరిపోయేది.

క్యాంటీన్లో పిల్లలు ఒకరినొకరు "ఇయ్యాల గుర్రమెక్కినవా?" అని అడిగేవారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ల్యాబు కంప్యూటర్లోంచి హెడ్డు లాగిన్‌లోకి వెళ్లావా అని దాని అర్థం. నెట్‌వర్క్ సెక్యూరిటీ పేపరు చెప్పేది నేనే. మొదటి యూనిట్ పాస్‌వర్డ్‌ను రహస్యంగా ఉంచుకోవడం గురించి. ఏటా ఆ పాఠం చెబుతుంటే క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను గౌరవం అనుకున్నాను.

ఆ ముగ్గురూ ఎవరని అడిగాను. ఒకరు ల్యాబ్ అసిస్టెంట్, ఇంకొకరు మార్కులు ఎక్కించే జూనియర్ లెక్చరర్. ఆ రెండూ నేను పెట్టిన చేతులే.

"మూడోది?"

ఆమె ఆ మూల గుంపు మీద వేలు పెట్టింది. "మూడోది నాది సార్."

ఆ వేసవిలో హైదరాబాదులోని ఒక పెద్ద పరిశోధనా సంస్థ కంప్యూటర్ సెక్యూరిటీలో ఆరు వారాల శిక్షణ పెట్టింది. ఆ రంగంలోకి పెద్దగా ఎవరూ వెళ్లని ఇళ్ల నుంచి, ఊళ్ల నుంచి వచ్చిన ఎం.టెక్. విద్యార్థుల కోసం ప్రత్యేకంగా పెట్టింది. బాగా చేసినవాళ్లను పీహెచ్‌డీకి తీసుకుంటారు. ఆమె తనంతట తానే దరఖాస్తు పెట్టుకుంది. విభాగాధిపతి ఉత్తరం శుక్రవారం సాయంత్రం అయిదులోపు వారి వెబ్‌సైటులో చేరాలి. చేరకపోతే దరఖాస్తు లెక్కలోకి రాదు. ఆ లింకు వారం కిందటే నా మెయిల్‌కు వచ్చింది. మా కాలేజీల్లో ఒక ఆచారం ఉంది. పొడుగాటి ఫారాలు వస్తే ఎవరి సిఫారసు ఉత్తరం వాళ్లే రాసుకుంటారు, పెద్దవాళ్లు సంతకం పెడతారు. నేనూ తలెత్తకుండా ల్యాబ్ అసిస్టెంట్‌తో, "ఆ అమ్మాయినే రాసి పెట్టుకోమను" అన్నాను. అసిస్టెంట్ గుర్రం పేరు కొట్టి, ఆమెను నా కుర్చీలో కూర్చోబెట్టి, టీకి వెళ్లింది.

ఆమె నా గొంతుతో, తన గురించి పదకొండు వాక్యాలు రాసిందట.

"రాసుకుంట పోతుంటె భయమైంది సార్. మీరు ఎట్ల మాట్లాడుతరో నాకు మస్తు ఎరుక. అచ్చం మీరు రాసినట్టే ఒచ్చింది. ఎవ్వరు గుర్తువట్టరు. గదే భయమైంది."

పంపే బటన్ నొక్కకుండా మూసేసి లేచి వచ్చింది. కానీ తాను పెట్టిన ప్రోగ్రాం ఆ పది నిమిషాలూ రాసుకుంది. ఆ చుక్కలను చెరిపేస్తే ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. చెరిపేస్తే ఇక ఈ ప్రాజెక్టుకు అర్థమేముంటుంది అనుకుని, శుక్రవారం రెండు రోజుల్లోకి వచ్చి కూర్చున్నాక, ఉత్తరం రాయాల్సిన నా దగ్గరికే వచ్చి చెప్పింది.

ఆ క్షణంలో నాకు ఆమె నిజాయితీ కనబడిందని రాయగలిగితే బాగుండేది. కనబడలేదు. నా విభాగంలో, నా ముందు నిలబడి, నా పేరులో నేను లేనని ఒక విద్యార్థిని చెప్పింది, అంతే వినబడింది. హెడ్డు మీద నిఘా పెట్టమని నీకెవరు చెప్పారన్నాను. ఆమె అంగీకార పత్రం తీసి చూపించింది. నా సంతకం. దాంతో నా కోపం ఇంకా పెరిగింది. "ఈ సెక్యూరిటీ నీకెందుకని నేను మొదటి రోజే చెప్పాను" అన్నాను.

నిజంగానే చెప్పాను. రెండేళ్ల కిందట ఆమె ఈ అంశం ఎంచుకున్నప్పుడు, ఏదో టెస్టింగ్ ఉద్యోగానికి పనికొచ్చేది చూసుకో, ఇది నగరాల్లో చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లతో ఆడుకున్న పిల్లల పని అన్నాను. కాపలా అనేది కాపాడుకోవడానికి ఏదైనా ఉన్నవాళ్ల విద్య అని నా లోపల ఎక్కడో ఉంది. గొర్రెలు కాసే ఇంటి నుంచి వచ్చిన అమ్మాయికి దేన్ని కాపాడాలని తెలుస్తుంది?

బయటికి వెళ్లమన్నాను. ఆమె కాగితాలు సర్దుకుంది. "సరే సార్. రేపు రాను. మా నాయిన మంద మిర్యాలగూడ అవుతల ఉంది. బువ్వ, మందులు తీస్కపోవాలె." చుక్కల కాగితం మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. నేను దాని మీద ఎప్పుడూ కాగితాల మీద పెట్టే ఇత్తడి పిడి కత్తెర పెట్టాను. అది మా తాతగారిది. ఆయన చుట్ట కొస కోసుకునే కత్తెర అని వచ్చినవాళ్లకు చెప్పేవాణ్ణి.

ఆమె వెళ్లగానే ల్యాబ్ అసిస్టెంట్ లోపలికొచ్చింది. ఆమెది జగ్గయ్యపేట వైపు, మాట దాచుకోదు. "ఆ పిల్లనెందుకు తిట్టారండీ? మీరు చెప్పమన్నదే కదా నేను చెప్పాను."

మిగతా పిల్లలకు ఉత్తరాలు ఎలా వెళుతున్నాయని అడిగాను. ఆమె ఆశ్చర్యపోయింది. "మీరెప్పుడో చెప్పారు కదండీ, అదే పంపిస్తున్నాను" అని తెరిచి చూపించింది. నాలుగు వాక్యాల ఇంగ్లీషు ఉత్తరం. ఈ విద్యార్థి పేద కుటుంబం నుంచి వచ్చినవాడు, వినయవిధేయతలు కలవాడు, దయతో పరిశీలించగలరు. పేరు మారుతుంది, అంతే. పట్టణంలో తెలిసిన ఇళ్ల పిల్లలకు నేను నిలబడి విడివిడిగా చెప్పి రాయించేవాణ్ణి. కూలి ఇళ్ల పిల్లలకు, గొర్ల కాపరుల పిల్లలకు, మొదటిసారి కాలేజీ గడప తొక్కిన ఇళ్ల పిల్లలకు ఈ నాలుగు వాక్యాలు వెళ్లాయి. వాళ్లలో ఒక్కరికీ ఎక్కడా పరిశోధనలో సీటు రాలేదు. వీళ్లలో సరుకు లేదని నేను స్టాఫ్ మీటింగుల్లో చెబుతూ వచ్చాను.

ఆ నాలుగు వాక్యాలను మూడుసార్లు చదివించుకున్నాను. అవి నావే. తెలుగులో నేను చెబితే ఎవరో ఇంగ్లీషు చేశారు.

మర్నాడు పొద్దున కోదాడ బస్సులోనే ఉత్తరం కాగితం మీద రాయడానికి ప్రయత్నించాను. ఆ సంస్థ ఫారంలో ఒక ప్రశ్న ఉంది. ఈ విద్యార్థి ఎలా ఆలోచిస్తుంది, మీరు కళ్లారా చూసిన ఒక ఉదాహరణ చెప్పండి. ఆమె నా క్లాసులో రెండేళ్లు కూర్చుంది. నాకు ఆమె హాల్‌టికెట్ నంబరు తెలుసు. మనుషుల నడకను పట్టే ఆలోచన ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ఎప్పుడూ అడగలేదు. మొదటి గంట పాఠం చెప్పి, కోదాడ బస్టాండులో హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే బస్సెక్కాను.

యాసంగి కోతల కాలం. మిర్యాలగూడ మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలబడి ఉన్నాయి. గాలినిండా ఊక దుమ్ము. ఊరు దాటాక ఆటో దిగి గొర్ల మంద ఎక్కడని అడిగితే కోసిన పొలాల్లోకి దారి చూపించారు. వేసవిలో మా వైపు కాపరులు మందల్ని ఇక్కడి కాలువ కింది పొలాలకు తోలుకొస్తారు. గొర్రెలకు గడ్డి, పొలానికి ఎరువు.

ఆమె నన్ను దూరం నుంచే చూసి లేచి నిలబడింది. పక్కన ఆమె తండ్రి, కర్ర మీద గడ్డం ఆనించి, నేను పొలం ఒడ్డు మీద నడిచి వస్తున్నంతసేపూ నన్నే చూశాడు. దగ్గరికి వచ్చాక నేను ఎవరినో చెప్పబోయాను. ఆయనే ముందు అన్నాడు.

"తుంగతుర్తి దిక్కు గడి దొర మనుమలు గదా మీరు."

మీ అమ్మాయి చెప్పిందా అన్నాను.

"ఇది సార్ అనుడే తప్ప ఇంకోటి ఏమనది. నడక సూసి గుర్తువట్టిన. మీ తాత గూడ గింతే. ఒడ్డు మీద పోయేటప్పుడు గూడ కిందికి సూడకపోతుండె. రెండుపార్లు కాల్వల వడ్డడు."

ఒక క్షణం నాకు గర్వంగానే అనిపించింది. దాచను. నా నడకలో మా తాతగారు ఉన్నారని ఒక మనిషి గుర్తుపట్టాడు. తరువాత వచ్చిన మాటలకు ముందు నాకు దక్కిన ఆఖరి గర్వం అదే.

గొంగడి పరిచి కూర్చోమన్నాడు. అమ్మాయి నీళ్లు తెచ్చింది. నేను నేరుగానే అడిగాను, నీకు ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందని. ఆమె తండ్రి వంక చూసింది. చెప్పాలా వద్దా అని ఇద్దరి మధ్యా ఏదో నడిచింది. చివరికి ఆయనే పక్కనున్న గొర్రెను కాలు పట్టి లాగి, చెవి నా ముందుకు తిప్పాడు. కుడి చెవి కొసకు ఒక గాటు.

"గిది మా ఇంటి గుర్తు. కుడి చెవికి ఒక్క గాటు. మీ గడి గుర్తు ఎరుకేనా?"

తెలియదన్నాను.

"కుడి చెవికి రెండు గాట్లు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన తొందరపడకుండా చెప్పుకొచ్చాడు. ఆయన తండ్రి కాలంలో మంద దారి తప్పి గడి చేలోకి వెళితే గడి మనుషులు తోలుకుపోయి బందెల దొడ్డిలో పెట్టేవారు. రెండు మూడు రోజుల తర్వాత విడిచేవారు. విడిచినప్పుడు నాలుగో అయిదో తక్కువ ఉండేవి. అవి గడి మందలో కనబడేవి, చెవికి రెండు గాట్లతో. ఒక గాటు ఉన్న చెవికి ఇంకొక గాటు పెట్టడానికి ఎంతసేపు? ఇది మాది అంటే, గుర్తు చూసుకో అనేవారు. గుర్తు చూస్తే దొరదే.

మా తాతగారి మంద ఏటా పెరిగేదని, కొనకుండానే పెరిగేదని మా నాన్నగారు చెబుతుండేవారు. మా ఇంటి అదృష్టం అని చెప్పేవారు. నేను మా పిల్లలకు కూడా అలాగే చెప్పాను.

"గప్పటి సంది మా ఇంట్ల గుర్తును నమ్ముడు బందయింది" అన్నాడాయన. "మా నాయిన గడి మంద పోతుంటె పక్కపొంటి నిలవడి కూతవెడ్తుండె. మావి తలకాయ ఎత్తుతుండె. కొన్ని ఉరికొస్తుండె. నడక సూసినా తెలుస్తుండె, ఏది మాదో. రెండు గాట్లుండనీ, పది గాట్లుండనీ."

మరి తోలుకొచ్చుకునేవారా అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు, అవునంటాడని ఆశపడ్డానేమో.

"తోలుకరానీకి దమ్మెవరికుండె సారూ? ఎరుక మాత్రం ఉండె."

ఆయన గొర్రెను వదిలేశాడు. అది మందలో కలిసిపోయింది. నాకు అన్నీ ఒకేలా కనబడ్డాయి. నేను ఏదో ఒకటి అనాలి కాబట్టి, నాకు ఈ సంగతి తెలియదన్నాను.

"మీకెట్ల ఎరుకుంటది. మీ తాత పిలిస్తె ఒక్క గొర్రె గూడ రాకపోతుండె. పిలవనీకి గూడ మనిషిని తోలుతుండె." అని ఆయన మనసారా నవ్వాడు. అందులో కసి లేదు. కసి ఉంటే నేను నిటారుగా కూర్చుని ఎదుర్కొనేవాణ్ణి. ఆ నవ్వు ముందు ఎలా కూర్చోవాలో మా నాన్నగారు నేర్పలేదు.

అప్పుడు అమ్మాయి మాట్లాడింది. చిన్నప్పటి నుంచి ఈ కథ వింటూ పెరిగిందట. బి.టెక్.లో పాస్‌వర్డుల పాఠం చదివినప్పుడు తనకు మొదట తోచింది చెవి గాటేనట. "పాస్‌వర్డ్ అంటే గుర్తే గద సార్. గుర్తు మీద ఎవరైన ఇంకో గాటు పెట్టుకుంటరు. నడక మీద గాటు పెట్టనీకి రాదు."

ఇదంతా ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్నాను.

"మీరు అడగలే సార్."

చాలా మెల్లగా ఇంకో మాట అంది. "సార్, మీ టేబుల్ మీద కాయితాల మీద వెడ్తరు గదా, ఆ కత్తెర. అది చుట్ట కత్తెర కాదు. ఫోటో తీసి మా నాయినకు సూపిచ్చిన. అది చెవి కత్తెర."

రెండేళ్లు ఆమె ఆ గదిలోకి వచ్చి, ఆ కత్తెర ముందు నిలబడి, సంతకాలు తీసుకుని వెళ్లింది. నేనది చేత్తో తిప్పుతూ సెక్యూరిటీ నీకెందుకమ్మా అన్నాను.

లేచేటప్పుడు రేపు పదకొండుకు వస్తావా, ఉత్తరం రాస్తాను అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "నా ఉత్తరం రాసేటప్పుడు నేను ఆడ ఉండొద్దు సార్." నాకు నా పాఠం నేనే వింటున్నట్టయింది.

శుక్రవారం పదింటికి నా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ల్యాబ్ అసిస్టెంట్ అలవాటుగా కుర్చీ లాక్కుని, "చెప్పండి సార్, కొడతాను" అంది. నేనే కొడతానన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. ముందు పాస్‌వర్డ్ మార్చాలి. ఎక్కడ మార్చాలో నాకు తెలియదు. ఆమె గోడ వైపు తిరిగి నిలబడి, అటు నొక్కండి, ఇటు నొక్కండి అని చెబుతూ, భుజాలు కదిలేలా నవ్వుకుంది. గుర్రం పేరు ఆ రోజుతో అయిపోయింది.

ఒక్క వేలితో కొట్టాను. ప్రతి అక్షరానికీ కీబోర్డంతా వెతుక్కున్నాను. ఈ విద్యార్థిని పరిశోధనలో నా లాగిన్‌ను ముగ్గురు వాడుతున్నారని బయటపడింది, అందులో ఒకరు ఆమే, నేను చెప్పిన పని వల్లే, ఆ ఆధారాన్ని చెరిపేసే వీలుండీ చెరపకుండా నాకే తెచ్చి చూపించింది అని రాశాను. ఎలా ఆలోచిస్తుంది అన్నచోట చెవి గాట్ల సంగతి రాశాను. ఒక పెద్ద ఇంటివాళ్లు గుర్తు మార్చి గొర్రెలు కాజేస్తే ఆమె తాతగారు నడకను బట్టి గుర్తుపట్టేవారని. రాశాక "ఒక పెద్ద ఇంటివాళ్లు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అది అబద్ధం కాదు. కానీ ఆ వాక్యంలో కూడా నేను లేను. దాన్ని తీసేసి "మా తాతగారు" అని రాశాను. తీసేశాను. మళ్లీ రాశాను. భోజనానికి లేవలేదు. పంపే బటన్ నొక్కేసరికి నాలుగు దాటింది.

రెండు వారాలకు ఆ సంస్థవాళ్లు ఆమెతో ఫోన్లో మాట్లాడారు. సగంసేపు ఆ మూడో గుంపు చుక్కల గురించే అడిగారట. ఎందుకు చెరపలేదని. ఆమె ఏం చెప్పిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు, అది ఆమె సంగతి. ఆమెకు సీటొచ్చింది.

ఈ రాత తోటి అధ్యాపకుల కంటపడుతుందని రాస్తున్నాను. ఆ పిల్లలకు ధైర్యం లేదని, ఆసక్తి లేదని మనం అనుకుంటాం. నాలుగు వాక్యాల ఉత్తరాలు వెళ్లిన పిల్లల పేర్లు కూర్చుని ఒక్కొక్కటీ చూశాను. కొందరిని నేను పోగొట్టానని తెలుసు. ఎంతమందినో తెలియదు, అది తెలుసుకునే దారి కూడా లేదు. ఆ భారం నాకింకా దిగలేదు. ఈ ఏడు కొత్తగా చేరిన ఒక అబ్బాయి తల్లి కూలికి వెళుతుంది. నాట్లు వేసీ వేసీ ఆమె వేళ్ల గీతలు అరిగిపోయి రేషన్ షాపు యంత్రం ఆమెను ఆమె కాదంటుందట. మీ ఇంట్లో ఎవరైనా మోసపోయారా, ఎవరినైనా యంత్రం కాదందా అని నేను ఇప్పుడు మొదటి వారంలోనే అడుగుతాను. అందుకే తెలిసింది. ఆ అబ్బాయి దాని మీద పని చేస్తున్నాడు. వాడి ఉత్తరం నేనే కొట్టాలి. నాకు ఇప్పటికీ సగం రోజు పడుతుంది.

ఒక సంగతి మిగిలిపోయింది. ఆ అమ్మాయి హైదరాబాదు వెళ్లే ముందు రోజు నా గదికి వచ్చింది. ఆ ప్రోగ్రాం ఇంకా నడుస్తూనే ఉందట. కొత్త కాగితం పరిచింది. నా రంగులో నాలుగో గుంపు ఒకటి, అన్నిటికీ దూరంగా, చుక్కకూ చుక్కకూ చాలా ఎడంగా. "ఇది ఎవరిదో కంప్యూటర్ చెప్పనక్కర లేదు సార్" అంది. కత్తెర అప్పటికే బల్ల మీద లేదు. మీ నాన్నకు ఇస్తావా అని సొరుగులోంచి తీశాను. ఆయన దగ్గర ఒకటి ఉంది, దాంతో ఒక్క గాటే పడుతుంది, చాలు అంది. మళ్లీ సొరుగులో పెట్టాను.

తర్వాత ఆమె ఇంకో అంగీకార పత్రం ఇచ్చింది. మొదటిది నేను చదవకుండా పెట్టిన సంతకం కాబట్టి అది చెల్లదని ఆమె నిర్ణయించుకుంది. రెండు పేజీలు. విభాగాధిపతి లాగిన్ గురించి తన పరిశోధనా పత్రంలో రాస్తానని, ఇష్టం లేకపోతే కాదనవచ్చని, కాదంటే ఆ భాగమంతా తీసేస్తానని అందులో ఉంది. తీసేస్తే ఆమె పనిలో సగం పోతుంది. అది తెలిసే రాసింది.

కళ్లజోడు పెట్టుకుని మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీ చివరికి వచ్చేసరికి ఆమె ఇంకా నిలబడే ఉందని గమనించాను. రెండేళ్లలో ఆమె ఆ గదికి ఎన్నిసార్లు వచ్చిందో. ఒక్కసారీ కూర్చోలేదు. నేను కూర్చోమనలేదు.

కూర్చోమన్నాను. ఆమె ఎదుటి కుర్చీ లాక్కుని, వీపు ఆనించి కూర్చుంది. నేను రెండో పేజీ తిప్పాను. చివరిదాకా చదివి సంతకం పెట్టాను.